ఒంటికి పడని పదార్థములు

మన భాషలో ‘పడదు’ అను మాటను రెండు తావుల వాడుదుము. ఇద్దఱు మనుష్యుల నడుమ సఖ్యము లేనిచో “వారికి పడదు” అందుము. ఒక పదార్థము తిన్నంతనే యొకని మేనెల్ల దద్దురులు లేచినచో “అది వానికి పడదు” అందుము. మాట యొక్కటే, భావమును ఒక్కటే. పదార్థము చెడ్డది కాదు, మనుష్యుడును చెడ్డవాడు కాడు, వారి పొత్తు మాత్రము కుదురలేదని దీని తాత్పర్యము. పంక్తిలో పదుగురు సుఖముగా భుజించిన చేపల పులుసు పదునొకండవ వానికి ప్రాణాపాయము తెచ్చుట వింతగా దోచును. పాశ్చాత్యవైద్యులు ఈ వింతకు ‘అలర్జీ’ యని పేరు పెట్టిరి. ఆ పేరు 1906వ సంవత్సరమున పుట్టినది.

ఈ విషయము కైకలూరు ప్రాంతమువారికి మిక్కిలి దగ్గఱది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నేర్పడిన కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి చేరును. ఉప్పుటేఱు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవును. వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడస, కొఱ్ఱమీను మొదలగు చేపలు తరతరములుగా నిచ్చటి జనుల యాహారమైనవి. ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున చెఱువులు త్రవ్వి శీలావతులను, బొచ్చెలను పెంచుట ప్రబలినది. రొయ్యల పెంపకము దాని వెంట వచ్చినది. 2022లో ఏలూరు జిల్లా యేర్పడినప్పుడు కైకలూరు అందు చేరినది. ఇట్టి సీమలో “నాకు చేప పడదు” అని పలుకుట తేలిక కాదు. ఇంట నలుగురును నవ్వుదురు. “రెండుమార్లు తిన్నచో అదే అలవాటగును” అని పెద్దలు కొసరి వడ్డింతురు. ఆ రెండవమాఱే కొందఱి పాలిటికి గండమగునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఎట్లని చెప్పుటకు ముందు, ఈ యెఱుక లోకమున నెట్లు పెరిగెనో కొంత తెలిసికొందము.

మన ప్రాచీనవైద్యులు సాత్మ్యము, అసాత్మ్యము అను విభాగము చేసియుండిరి. ఒకని దేహమునకు అనుకూలించునది సాత్మ్యము, అనుకూలింపనిది అసాత్మ్యము. అందఱికి నొక్క పథ్యము చెల్లదని వారి యెఱుక. మాధవకరుని నిదానగ్రంథమునందు శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను మూటికి ఒక ప్రకరణమే కలదు. కందిరీగ కుట్టినచోట లేచు వాపును బోలిన వాపులు చర్మముపై లేచి, దురదయు మంటయు బెట్టునని అందు చెప్పబడినది. నేడు వైద్యుడు దద్దురులను వర్ణింపవలసినను ఇంతకంటె చక్కని పోలిక దొరకదు. తమకశ్వాస మను పేర ఉబ్బసమును సైతము వారు గుర్తించిరి. అయితే, వారు చెప్పిన ప్రతి నిషేధమును నేటి పరీక్షకు నిలుచునని యనరాదు. పాలును చేపలును కలిపి తిన్నచో బొల్లి వచ్చునను నమ్మకమునకు ఆధారము లేదు. పాలు పడనివానికి పాలును, చేప పడనివానికి చేపయు విడివిడిగానే కీడు చేయును. వాని కలయిక వలన క్రొత్త విషము పుట్టదు.

ఐరోపాలో ఈ చరిత్ర తుమ్ములతో మొదలయినది. 1819లో లండనునగర వైద్యుడగు జాన్ బాస్టాక్, ప్రతి వేసవియందును తన కన్నులు ఎఱ్ఱబాఱి, ముక్కు కారి, ఊపిరి యాడకుండుటను తానే వర్ణించి ప్రకటించెను. కారణము మాత్రము ఆయనకు దొరకలేదు. మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన ముక్కుపైనను చర్మముపైనను పరీక్షలు చేసికొని, గడ్డిపూల పుప్పొడియే యిందుకు హేతువని 1873లో గ్రంథము ప్రకటించెను. చర్మమును కొంచెము గీచి అనుమానపు పదార్థము నచ్చట నుంచి, దద్దురు లేచునా యని చూచు పద్ధతికి ఆయన ప్రయోగములే మొదలు.

పిమ్మట సముద్రము మీద నొక కథ జరిగినది. 1901లో మొనాకో ప్రభువు ఆల్బర్టు పరిశోధననౌకపై షార్ల్ రిషే, పాల్ పోర్టియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పయనించి, నీటిపై తేలు ఒక జలజంతువు యొక్క విషమును పరిశీలించిరి. తీరము చేరిన పిదప వేఱొక సముద్రజీవి విషమును కుక్కలకు స్వల్పముగా నెక్కించి, క్రమముగా వానికి తట్టుకొను శక్తి వచ్చునని యెదురుచూచిరి. ఫలము విపరీతమయ్యెను. మొదటిమాఱు విషమును సహించిన కుక్క, కొన్ని వారముల తరువాత అంతకంటె చాల తక్కువ మోతాదునకే ఊపిరి తిరుగక నిమిషములలో చచ్చెను. రక్షణకు మాఱుగా దుర్బలత్వమే కలిగినది. దీనికి రిషే 1902లో ‘అనాఫిలాక్సిస్’ అని పేరిడెను. 1913లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడినది.

అదే కాలమున వియన్నా నగరమున క్లెమెన్స్ పిర్కే అను శిశువైద్యుడు మఱియొక దారిన అక్కడికే చేరెను. కంఠవాతమను రోగమునకు ఆ దినములలో గుఱ్ఱపు రక్తరసమును సూదిమందుగా నిచ్చెడివారు. కొందఱు పిల్లలకు రోగము తగ్గినను, వారము పది దినములకు జ్వరము, దద్దురులు, కీళ్లనొప్పులు వచ్చెడివి. రెండవమాఱు సూది వేసినచో అవి వెంటనే వచ్చెడివి. పిర్కే తన సహచరుడగు షిక్‌తో గూడి 1905లో దీనిని వర్ణించెను. దేహము ఒక పదార్థమును ఒకమాఱు కలిసికొనిన పిదప మునుపటివలె నుండదు, దాని నడత మాఱును. ఆ మాఱిన నడతకే 1906లో ఆయన గ్రీకుమాటలు కూర్చి ‘అలర్జీ’ యని పేరు పెట్టెను.

చేపలు తినువారికి మఱింత నచ్చు కథ 1921లో నడిచినది. బ్రెస్లౌ నగరమున హైంజ్ కుస్ట్నర్ అను వైద్యునికి వండిన చేప యొంటికి పడదు. ఆయన మిత్రుడు కార్ల్ ప్రౌస్నిట్జ్‌కు పడును. ప్రౌస్నిట్జ్ తన స్నేహితుని రక్తరసమును తన పొట్టచర్మములో కొంచెము నెక్కించుకొని, మఱునాడు ఆ తావున చేపరసమును నెక్కించుకొనెను. అంతవఱకు చేపలను సుఖముగా దినుచున్నవాని చర్మమున ఆ చోట మాత్రము పెద్ద దద్దురు లేచినది. దీనినిబట్టి, ‘పడకపోవుట’ మనసులోని బెదురు కాదనియు, రక్తములో నుండి యొకరినుండి యొకరికి ఎక్కింపదగిన పదార్థ మొకటి కలదనియు తేలినది. ఆ పదార్థమేదో తెలియుటకు మఱి 45 ఏండ్లు పట్టినది. 1966, 67 సంవత్సరములలో డెన్వరులో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిచ్ అనువారును వేఱువేఱుగా దానిని కనుగొనిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్–ఇ అను పేరు స్థిరమయినది.

దాని పని యిట్టిది. మొదటిమాఱు చేపయో, రొయ్యయో, కందిరీగవిషమో దేహమున జొచ్చినప్పుడు పైకేమియు గనుపింపకపోవచ్చును. కాని లోపల దేహము దానిని శత్రువుగా నెంచి, దానికి సరిపడు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను తయారుచేసి, చర్మమునందును, ఊపిరితిత్తులయందును, ప్రేగులయందును కాపలా కణములకు తొడిగి యుంచును. మరల నా పదార్థము వచ్చినప్పుడు ఆ కణములు పగిలినట్లై హిస్టమిన్ మొదలగు రసాయనములను వెలిగ్రక్కును. హిస్టమిన్ చేయు పనులను 1910లో డేల్, లేడ్లా అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు వివరించియుండిరి. రక్తనాళములు సడలుటచే చర్మము ఎఱ్ఱబాఱి ఉబ్బును, శ్వాసనాళములు బిగియుటచే ఆయాసము వచ్చును. రెండవ వడ్డన అలవాటును గాక అపాయమును దెచ్చుట కిదే కారణము.

ఇంతవఱకు చెప్పినదంతయు దూరదేశముల కథ. ఇక మన తెలుగునాట జరిగినది చెప్పెదను. రాయలసీమలోని మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల చికిత్సాలయ మొకటి యిరువదవ శతాబ్దపు రెండవ దశాబ్దమున వెలసినది. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోల్లర్ దానిని చిరకాలము నడిపెను. అచ్చటికి వచ్చువారిలో కొందఱిని చూచి వైద్యులు సందేహించిరి. దగ్గు కలదు, చిక్కిపోవుటయు, చిఱుజ్వరమును గలవు, ఎక్స్‌రే చిత్రమున ఊపిరితిత్తులపై మచ్చలు గలవు. కాని కఫమున క్షయక్రిములు ఎంత వెదకినను గానరావు. రక్తమును పరీక్షింపగా, ఈసినోఫిల్ అను తెల్లకణములు మితిమీఱి కనుపించినవి. 1940లో ఫ్రీమోట్ మోల్లర్, బార్టన్ అను నిరువురును ఇండియన్ మెడికల్ గెజెట్టునందు దీనిని క్షయను బోలిన వేఱొక వ్యాధిగా ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో 81 మంది రోగులను వర్ణించి, దీనికి ‘ఉష్ణదేశపు ఈసినోఫీలియా’ యను పేరు వ్యాపింపజేసెను. పాషాణము గలిసిన సూదిమందునకు ఇది లొంగునని ఆయన కనుగొనెను. హేతువు మాత్రము అప్పటికిని తెలియలేదు.

ఆ కాలమున క్షయ యను మాట యెంతటి పిడుగో పెద్దలకు జ్ఞాపకముండును. స్ట్రెప్టోమైసిన్ 1940 దశాబ్దపు చివరి భాగమున గాని వాడుకకు రాలేదు. క్షయ యని తేలిన యువకుని మంచము వేఱు చేసెడివారు, కంచము వేఱు చేసెడివారు, పెండ్లిమాటలు నిలిచిపోయెడివి. లేని క్షయను మోయుచు కొందఱు యువకులు చికిత్సాలయములకు పోయిరనుటకు మదనపల్లె వైద్యుల వ్యాసమే సాక్ష్యము. వారి రోగము అంటురోగము గాదు, క్షయయు గాదు. మఱి యేమి?

సమాధానము మన డెల్టాపల్లములలో నివసించువారు నిత్యము చూచుచుండిన బోదకాలులో నున్నది. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ బోదక్రిమిని ఒకరినుండి యొకరికి చేర్చును. పెద్దక్రిములు రసనాళములలో కాపురముండి, మైక్రోఫైలేరియాలు అను సూక్ష్మశిశువులను రక్తములోనికి వదలును. అవి రాత్రివేళ రక్తమున సంచరించును. చాలమంది దేహములు వానిని ఓర్చుకొని యూరకుండును. కొందఱి దేహములు మాత్రము ఓర్వక, ఆ శిశుక్రిములను ఊపిరితిత్తులయందే పట్టి చంపును. ఆ యుద్ధమునకు రణభూమి తన యూపిరితిత్తియే యగుటచే, క్రిమి చచ్చినను మనుష్యునికి సుఖము లేదు. రాత్రి రెండవజామున దగ్గు తెరలు తెరలుగా వచ్చును; ఆయాసమును, పిల్లికూతలును బయలుదేఱును. రక్తములో వెదకినను క్రిమి దొరకదు, ఏలయన అది రక్తమున నిలువక ముందే చచ్చుచున్నది. ఇది క్రిమియెడ దేహము చూపిన అలర్జీయే. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అను మువ్వురు రోగుల ఊపిరితిత్తులు, కాలేయము, రసగ్రంథులనుండి తునుకలను దీసి, సూక్ష్మదర్శినిలో ఆ శిశుక్రిములను చూపి, సందేహమును తీర్చిరి.

మందు అంతకు ముందే సిద్ధమై యుండెను. దానిని సిద్ధము చేసిన బృందమునకు పెద్ద మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. కైకలూరునుండి ఆకివీడు మీదుగా పోవు రైలుమార్గము ఆ భీమవరమునకే చేరును. అమెరికాకు బోయి, హార్వర్డునందు పరిశోధనలు చేసి, 1940 నుండి లెడర్లీ సంస్థలో పరిశోధకుల నడిపించిరి. వారి బృందము 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందు బోదక్రిములపై పనిచేయునని ప్రకటించినది. మఱుసటి సంవత్సరమే ఆయన పరమపదించిరి. తన మందు ఉష్ణదేశపు ఈసినోఫీలియాను గూడ కుదుర్చునని ఎఱుగుటకు ఆయన బ్రదికి లేరు. 1950 దశాబ్దమున వైద్యులు దానిని వాడి చూచి ఆ సంగతి తెలిసికొనిరి. మూడు వారములు మందు సేవించినచో, నెలల తరబడి నిదుర లేక కూర్చుండి దగ్గినవారు హాయిగా పండుకొనగలిగిరి. గోదావరీ తీరమున బుట్టినవాని చేతిమందు గోదావరీ తీరపు రోగమునకే మరలి వచ్చినది.

ఈ కథవలన నేర్చుకొనవలసిన దేమన: రెండు వారములు మించిన దగ్గునకు ముందుగా కఫపరీక్ష చేయించి క్షయ లేదని తేల్చుకొనవలయును. అది లేనిచో రక్తములోని ఈసినోఫిల్‌లను లెక్కింపవలయును. ఆరోగ్యవంతునికి ఘన మిల్లీమీటరునకు 500 లోపుగ నుండునవి, ఈ వ్యాధియందు 3000 దాటును. ఏలికపాములును, కొన్ని మందులును సైతము ఈ లెక్కను పెంచును గనుక, లెక్క చూచి యెవరికి వారే మందు మ్రింగరాదు. ఉపేక్షించినచో ఊపిరితిత్తులు బిరుసెక్కి మరల కోలుకొనవు.

ఇక మన సీమలో పడకపోవుటకు నిత్యము కారణమగు వస్తువుల సంగతి. వీనిలో చేపలును రొయ్యలును మొదటివి. ఈ రెంటిని ఒక్కటిగా నెంచుట పొరపాటు. చేపమాంసములోని పార్వాల్బుమిన్ అను మాంసకృత్తు ఒకరికి పడదు. రొయ్యలో, పీతలో నున్న ట్రోపోమయోసిన్ మఱియొకరికి పడదు. రొయ్య పడనివాడు చేపను నిర్భయముగా దినవచ్చును. ఈ రెండు మాంసకృత్తులును నిప్పునకు లొంగవు గనుక, బాగుగ ఉడికించితిమని ధైర్యపడరాదు. వండునప్పటి ఆవిరి సోకినను కొందఱికి ఆయాసము వచ్చును. రొయ్యలు ఒలుచు కూలీల చేతులపై దురదయు, ఊపిరితిత్తులలో ఉబ్బసమును పుట్టుట కలదు. ఇండ్లలోని బొద్దింకలయందును, ధూళిపురుగులయందును రొయ్యను బోలిన మాంసకృత్తే యుండుటచే, ఒకటి పడనివానికి మఱియొకటి పడకపోవుట అరుదు గాదు.

ఇచ్చట నొక భేదము గ్రహింపవలయును. కానాగంతలవంటి సముద్రపు చేపలు ఎండలో నిలువయున్నచో, వానిలో సూక్ష్మజీవులు హిస్టమిన్‌ను పుట్టించును. అట్టి చేపను దిన్నచో ముఖము ఎఱ్ఱబాఱును, తలనొప్పియు, దద్దురులును వచ్చును. ఇది అలర్జీవలె నుండును గాని అలర్జీ కాదు, చెడిన చేప చేసిన విషక్రియ. పంక్తిలో నొక్కనికే వచ్చినచో మనుష్యుని అలర్జీని, పలువురికి వచ్చినచో చేపను అనుమానింపవలయును.

ఈ సూత్రమే కంద, చేమ, దూలగొండి విషయమునను పనికివచ్చును. కందలోని సూదులవంటి స్ఫటికములు ఎవరి నోటినైనను దురదపెట్టును. చింతపండు వేసి వండుట అందులకే. దూలగొండి కాయ నూగు సోకినవారందఱును గోకికొందురు. ఇవి అలర్జీలు గావు. నల్లజీడి సంగతి వేఱు. దాని గింజరసముతో రజకులు గుడ్డలకు చెరగని గుఱుతులు పెట్టెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున మనదేశమున నున్న సైనికులకు మెడపైనను నడుమునను పొక్కులు లేవగా, వైద్యులు వెదకి వెదకి చొక్కాపై నున్న ఆ గుఱుతే కారణమని కనుగొనిరి. మామిడిసొనయు ఈ జాతిదే. నూజివీడు తోటలలో కాయలు కోయువారి చేతులమీది పొక్కులకు అదియే మూలము. ఇట్టి పొక్కులు సొన సోకిన వెంటనే లేవక, ఒకటి రెండు దినములకు లేచును గనుక, కారణము మఱపున బడును. 1950 దశాబ్దమున మనదేశమున కనబడి పిమ్మట గట్లపైనను, బీళ్లలోను వ్యాపించిన వయ్యారిభామ మొక్కయు నిట్లే రెప్పలను, మెడను, మోచేతి మడతలను చెఱచును.

ఇంటిలోపలి శత్రువు ధూళి. పరుపులలో, దిండ్లలో కంటికానని పురుగు కాపురముండునని, ఇంటిధూళి పడకపోవుటకు అదియే మూలమని 1964లో నెదర్లాండ్సు దేశపు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. చెమ్మగాలి దానికి ప్రాణము. కొల్లేటిసీమలో చెమ్మకు కొదువ లేదు. పరుపులను, దిండ్లను ఎండలో వేయుట, దుప్పట్లను వేడినీట నుతుకుట మేలు. నూర్పిళ్లనాటి ధాన్యపు దూగరయు, బూజుపట్టిన గడ్డివాములును ఉబ్బసమును రేపును. మృగశిర కార్తె ప్రవేశించునాడు హైదరాబాదులో చిన్న కొఱ్ఱమీను నోటిలో మందుంచి మ్రింగించుట బహుకాలపు ఆచారము. అది ఉబ్బసమును కుదుర్చునని వైద్యశాస్త్రమున ఋజువు లేదు; చేప పడనివానికి అది సాహసము.

మందులలో పెనిసిలిన్‌జాతి ముఖ్యమైనది. అయినను ఒక్క మాట. చిన్ననాడు జ్వరములో పొక్కులు లేచినవని, “పెనిసిలిన్ పడదు” అని జీవితమంతయు వ్రాయించుకొను వారిలో పదింట తొమ్మిదిమందికి, శాస్త్రీయముగా పరీక్షించినచో అది పడునని తేలుచున్నది. లేని అలర్జీ యుండుననుకొనుటయు నొక నష్టమే. పాముకాటుకు వేయు విరుగుడుమందు మనదేశమున గుఱ్ఱపు రక్తమునుండియే తయారగుచున్నది గనుక, పిర్కే చూచిన వికారములు నేటికిని కలుగుచున్నవి. అందుకు జడిసి విరుగుడు వలదనరాదు. చెంత అడ్రినలిన్ సిద్ధముగా నుండు ఆసుపత్రిలో దానిని వేయించుకొనవలయును. తేనెటీగ, కందిరీగ కుట్టినచోట మాత్రమే వాచినచో భయము లేదు. కుట్టినది చేతిపైనైయుండి పెదవులు వాచినచో భయమున్నది.

పాలు, గ్రుడ్డు, వేరుసెనగ పిల్లలకు తఱచుగా పడనివి. అలర్జీకి అవకాశము హెచ్చుగా నున్న పసివారికి వేరుసెనగను మూడేండ్లవఱకు పెట్టవలదని 2000 ప్రాంతమున అమెరికా వైద్యులు చెప్పిరి. 2015లో లండనునందు జరిగిన పరీక్ష అందుకు వ్యతిరేకముగ తేల్చినది: అలర్జీకి అవకాశము హెచ్చుగా నున్న శిశువులకు మొదటి సంవత్సరముననే మెత్తగా జేసి పెట్టుచు వచ్చినచో అలర్జీ చాలవఱకు తగ్గినది. గజ్జివంటి తీవ్రచర్మరోగ మున్న పసివారికి మాత్రము వైద్యుని యడిగి మొదలుపెట్టవలయును.

శ్రోతలారా, గుర్తుపట్టు విధము చెప్పి ముగింతును. ఆహారపు అలర్జీ తఱచుగా తిన్న నిమిషములలోనో, రెండు గంటల లోపుననో బయటపడును. చర్మమున దద్దురులు, పెదవులవాపు; కన్నులు ముక్కు కారుట; గొంతు బిగియుట, స్వరము బొంగురుపోవుట, పిల్లికూతలు; కడుపునొప్పి, వాంతులు; తలతిరుగుట, సొమ్మసిల్లుట — ఇవి దాని గుర్తులు. చర్మముపై దద్దురులు మాత్రమే యున్నచో వైద్యుని సలహాతో హిస్టమిన్‌ను అణచు మాత్ర చాలును. 1937లో బోవే, స్టాబ్ అనువారు మొదలిడిన పరిశోధనలనుండి అట్టి మాత్రలు పుట్టినవి. దద్దురులతో గూడ ఊపిరి గాని, స్పృహ గాని, కడుపు గాని చెడినచో అది అనాఫిలాక్సిస్. ఒక్కొకప్పుడు దద్దురులు లేకయే ఊపిరి బిగియవచ్చును. అప్పుడు మాత్రలతోను, వేపాకుతోను, కంబళి కప్పుటతోను కాలము గడుపరాదు. 1901లో జపానుదేశీయుడగు టకమీనే వేఱుపఱచిన అడ్రినలిన్ ఒక్కటే దానికి మందు. దానిని తొడ వెలుపలివైపు కండరమున వేయుదురు; తగ్గనిచో అయిదు నిమిషములకు మరల వేయుదురు. రోగిని పండుకొనబెట్టి కాళ్లెత్తి యుంచవలయును, ఆయాసమున్నచో కూర్చుండనీయవలయును, లేపి నడిపింపరాదు. 108కి వెంటనే కబురంపవలయును. తగ్గినదని యింటికి మరలరాదు, కొన్ని గంటలకు మఱల తిరుగబెట్టుట కలదు.

పడని పదార్థమేదో ఒకమాఱు తేలినచో దాని పేరును, ఏ దినమున నెంత తిన్న తరువాత నేమయ్యెనో ఒక కాగితమున వ్రాసి యుంచుకొని, ఏ వైద్యుని యొద్దకు బోయినను చూపవలయును. బడిపిల్లల విషయమున ఉపాధ్యాయులకును, విందులకు బోవునప్పుడు వడ్డించువారికిని ముందుగా జెప్పవలయును. ఇంటికి వచ్చిన చుట్టము “నాకు రొయ్య పడదు” అని చేయి అడ్డము పెట్టినప్పుడు, మర్యాద తప్పినదని నొచ్చుకొనక, గరిటెను సైతము మార్చి వేఱొక కూర వడ్డించుట గృహస్థుల విధి.